గద్దల ఎత్తు స్వరం

కెర్కిరా దీవి పట్నం,
ఫిబ్రవరి 1986

మామయ్యకు నమస్కారాలు,

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మన ఊరికున్న ఒక్క ఫోనూ కాఫీ కొట్టు గోడకే ఉందాయె. నేనిక్కడ తుమ్మితే అక్కడ ఊరంతా నూరేళ్ళు బతకమంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మందుల షాపులో పని బాగానే సాగుతోంది. అసలు సంగతి అది కాదు. ఇక్కడి బ్యాండులో చేరానని చెప్పాను కదా, మా బ్యాండు మాస్టారు సియోర్ జానెటోస్ (ఇక్కడ పెద్దవాళ్ళని సియోర్ అంటారులే) నన్ను ముందు వరసలోకి జరిపారు. ఈ బ్యాండులో ముందు వరస క్లారినెట్లలో ఆడపిల్ల కూర్చోవడం ఇదే మొదలట. క్రీస్తు లేచిన పాస్కా పండగ ముందు శనివారం ఊరేగింపులో వాయించే మార్చ్ పాట చేతికిచ్చి, "చివరి గీత నీది" అన్నారు. సంబరంగా ఇంటికొచ్చి చూద్దును కదా, ఆ చివరి గీతలో స్వరాలు పైకి, ఇంకా పైకి, అసలు క్లారినెట్‌లో అంత చోటుందా అనిపించేంత పైకి వెళ్తున్నాయి. నువ్వు "గద్దల ఎత్తు" అంటావే, అక్కడికి.

కింద బాగానే పలుకుతోంది. మధ్యలో ఇంకా బాగుంది. ఆ మెట్టు దాటానా, కీచుమంటుంది, లేకపోతే ఉత్త గాలి వస్తుంది. నిన్న నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు తలుపు కొట్టి, "పిల్లినేమైనా తొక్కావా అమ్మాయ్?" అంది. మా ఇంట్లో పిల్లి లేదు మామయ్యా!

చిన్నప్పుడు నా వేళ్ళు రంధ్రాల మీద పెట్టించింది నువ్వే. నువ్వు ఆ ఎత్తులోనే కాపురముంటావు. ఎలాగో చెప్పు. పాస్కా రోజు ఊరందరి ముందూ కీచుమన్నానా, నన్ను మళ్ళీ వెనక వరసకి తోసేస్తారు, నా తర్వాత ఇంకే ఆడపిల్లనీ ముందుకి రానివ్వరు.

నీ మేనకోడలు,
పొలిక్సేని


పెత్రోవ్రిసి, పొగోని కొండసీమ,
మార్చి

పొలిక్సేనికి మామయ్య ఆశీస్సులు,

కాగితం మీద చుక్కలు చూసి వాయించే వాళ్ళ దగ్గర చేరితే ఇలాగే ఉంటుంది. చుక్కలకి చెవులుంటాయా? పైకి వెళ్ళాలంటే ఏముందే, వెళ్ళాలి, అంతే. పళ్ళు బిగించి పట్టు, గట్టిగా ఊదు. నేనలాగే వెళ్ళాను, మా నాన్నా అలాగే వెళ్ళాడు.

ఇప్పుడు అసలు కబురు విను. మన వాయాకి పెళ్ళి కుదిరింది! అబ్బాయి పేరు ఇలియాస్, వాగవతల కాస్తానియా ఊరు. బుద్ధిమంతుడే, కాస్త ఎక్కువ తింటాడు. ఆగస్టు ఆఖర్లో ఆదివారం ముహూర్తం.

పద్ధతి నీకు తెలుసు కదా. పెళ్ళికొడుకు వాళ్ళు వాకిట్లో నిలబడతారు, పిల్ల గడప లోపల ఉంటుంది, మన క్లారినెట్ సాగనంపే పాట ఎత్తుకుని గద్దల ఎత్తుకి వెళ్తుంది. స్వరం పైన ఉన్నంతసేపూ పిల్ల పుట్టింటిది. స్వరం కిందికి దిగగానే కుడికాలు గడప దాటాలి, ఇక అత్తింటిది. ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా పిల్లలందరినీ దాటించింది నేనే. నా పిల్లని ఇంకొకడు దాటిస్తాడా? మీ అత్తయ్య అంథూలా మాత్రం, "తండ్రివి తండ్రిలా తలుపు దగ్గర నిలబడు, వాయించడానికి ఎవరినైనా పిలుద్దాం" అని నస పెడుతోంది. ఎవరిని పిలవాలట? కాస్తానియా కిత్సోస్‌ని! వాడెలాగూ మగపెళ్ళి వారి తరఫున వస్తాడు, వాకిట్లో నిలబడి నా వైపే చూస్తుంటాడు. ఒట్టేసి చెప్తున్నాను, నా కూతుర్ని నేనే వాయించి పంపుతాను. దేవుణ్ణి ఈ ఒక్కటే అడిగాను.

అవునూ, మీ సియోర్ గారు ఆ ఎత్తు గురించి ఏం చెప్తున్నాడు? వివరంగా రాయి. నాకు తెలియక కాదు, ఆయనకి తెలుసో లేదో చూద్దామని.

మీ మామయ్య,
స్టెర్గియోస్


కెర్కిరా,
మార్చి నెలాఖరు

మామయ్యా,

వాయా పెళ్ళి! ఉత్తరం చదివి షాపులో అరిచాను, జ్వరం మందుకొచ్చిన పెద్దాయన జడుసుకున్నాడు. దానికి నా తరఫున రెండు బుగ్గలూ గిల్లు.

నీ సలహా మాత్రం నా కొంప ముంచింది. పళ్ళు బిగించి ఊదితే క్లారినెట్ మూతికున్న రెల్లు రీడు వెళ్ళి దానికే అతుక్కుపోయింది, స్వరం గొంతు నులిమినట్టు ఆగిపోయింది. సియోర్ జానెటోస్ కర్ర కింద పెట్టి, "ఎవరమ్మా నీకు కొరకమని చెప్పింది? అది వాయిద్యం, మొక్కజొన్న కంకి కాదు" అన్నారు. నీ పేరు చెప్పలేదులే.

ఆయన చెప్పేది వేరు. బిగించేది దవడ కాదట, కదిలేది నాలుక. కింది స్వరం పట్టుకుని, వేళ్ళు కదపకుండా, నోట్లో నాలుక వెనక భాగం ఒక్కటే "ఈ" అన్నట్టు పైకెత్తాలి. అప్పుడు అదే పట్టులోంచి పై స్వరం దానంతటదే ఊడిపడుతుంది. ఊదే ముందు ఆ స్వరాన్ని మనసులో పాడుకోవాలి, విననిది పలకదు అంటారు. ఎడమ చూపుడు వేలు పూర్తిగా ఎత్తకుండా కాస్త దొర్లించి, రంధ్రం సగమే తెరవాలి. గాలి మాత్రం పొట్టలోంచి, ఆగకుండా, సన్నగా.

ఇంకో వింత. ఆయన పై పెదవిని కూడా పళ్ళ మీదికి మడిచి పట్టుకుంటారు. పళ్ళు క్లారినెట్‌కి తగలనే తగలవు. ఎందుకలా అంటే నవ్వి, "నాకు ఒక్క పన్నూ సొంతం కాదమ్మా" అన్నారు. అలా పట్టుకుంటే కొరుకుదామన్నా కుదరదట, అందుకే పైన స్వరం స్వేచ్ఛగా ఉంటుందట. మొదట్లో పెదవి మండిపోతుంది, నేను రెండు రోజులు సూప్ తాగలేకపోయాను.

పొలిక్సేని


పెత్రోవ్రిసి,
ఏప్రిల్

పొలిక్సేనికి,

బాగుంది. మీ సియోర్‌కి కొంత తెలుసు. ఇంకా కొంచెం పరీక్షించాలి. వీటికి జవాబులు రాయి.

పై పెదవి ఎంత లోపలికి మడవాలి, ఎరుపు మొత్తం పోవాలా, సగమా? రీడు మందంగా ఉండాలా, పల్చగా ఉండాలా? పెదవి మంట ఎన్నాళ్ళుంటుంది? క్లారినెట్ బరువు పళ్ళ మీద ఆనకపోతే దేని మీద ఆనుతుంది, కుడి బొటనవేలి మీదేనా? మడిచిన పెదవి పక్కనుంచి గాలి బుస్సుమంటే ఏం చేస్తాడు?

నాకోసం కాదు సుమా. ఇక్కడ ఒకాయన ఉన్నాడు, నీకు తెలీదులే, అడుగుతున్నాడు. మంచివాడు, కాస్త మొహమాటస్థుడు.

ఇక్కడ కొత్త వినోదం ఒకటి మొదలైంది. రోజూ పొద్దుపోయే వేళకి వాగు లోయలోంచి ఎవడో క్లారినెట్ పీక పిసుకుతున్న శబ్దం వస్తోంది. కాఫీ కొట్టులో అందరూ అది కిత్సోస్ అనే తేల్చేశారు. "పాపం, కాస్తానియా వాడి పని అయిపోయింది!" అని నవ్వుకుంటున్నారు. వాగు పక్క శబ్దం ఏ గట్టు నుంచి వచ్చిందో చెప్పలేం కదా.

జవాబులు త్వరగా రాయి. ఆయన తొందర పడుతున్నాడు.

స్టెర్గియోస్


కెర్కిరా,
మే, పాస్కా అయిన వారం

మామయ్యా, మామయ్యా,

పలికింది! గద్దల ఎత్తు పలికింది!

ఎలాగో విను. ఇక్కడ శనివారం పొద్దున బాల్కనీల్లోంచి నీళ్ళు నింపిన కుండలు వీధిలోకి విసురుతారు. అవి పగిలాకే బ్యాండ్లు కదులుతాయి. అంతా అయింది, మార్చ్ మొదలైంది, నా చివరి గీత దగ్గరకొస్తోంది. అప్పటికే నా దవడ బిగుసుకుపోయింది, ఇంక అయిపోయాననుకున్నాను. సరిగ్గా అప్పుడు మూడో అంతస్తులో ఒక ముసలావిడ, చెవుడనుకుంటా, అప్పుడే తీరిగ్గా తలుపు తీసుకుని వచ్చి తన కుండ విసిరింది. నా ముందు నాలుగడుగుల్లో ఢాం! నేను జడుసుకున్నాను. దవడ జారింది, కానీ గాలి ఆగలేదు, వేళ్ళూ ఆగలేదు. ఆ జారిన నోట్లోంచే స్వరం వచ్చింది మామయ్యా! కీచు లేదు, వణుకు లేదు. అక్కడ నిలబడి చుట్టూ చూసుకునేంత తీరిగ్గా ఉంది. ఇన్ని నెలలూ నేనే దాని పీక పట్టుకున్నానన్నమాట. సియోర్ జానెటోస్ నడుస్తూనే వెనక్కి తిరిగి టోపీ ఎత్తారు.

పాదాలు తడిసిపోయాయి. నేను ముందు వరసలోనే ఉన్నాను.

ఇక నీ సంగతి. పెత్రోవ్రిసిలో ఉన్నదే నలభై గడపలు. అందులో నాకు తెలియని "ఒకాయన" ఎవరు? క్లారినెట్ వాయించే ఆయన, మొహమాటస్థుడు, పైగా పై పళ్ళు ఆనించలేనివాడు! వాయా తన ఉత్తరంలో, "నాన్న ఈమధ్య వేపుడు మాంసం ముట్టడం లేదు, రొట్టె పాలల్లో నానబెట్టి తింటున్నాడు, నవ్వినప్పుడు మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాడు" అని రాసింది. నిజం చెప్తావా, లేకపోతే కాఫీ కొట్టుకే ఫోన్ చేసి అడగనా?

పొలిక్సేని


పెత్రోవ్రిసి,
మే

ఒసే రాక్షసీ,

ఫోన్ చేశావంటే చంపేస్తాను. తలుపు వేసుకుని చదువు.

జనవరిలో యానినా పట్నం వెళ్ళాను. చిగుళ్ళు చెడిపోయాయని డాక్టరు పైవరస మొత్తం పీకేసి కట్టుడు పళ్ళు పెట్టాడు. తినడానికి పరవాలేదు, నవ్వడానికి పాత వాటికంటే బాగున్నాయి. క్లారినెట్ కింద, మధ్యలో నడుస్తోంది. పైకి పోదామని బిగించానా, స్వరం రాదు, పళ్ళు వస్తాయి. సెట్టంతా ఊడి నాలుక మీద పడుతుంది. నిన్ను పళ్ళు బిగించమన్న పెద్దమనిషి నోట్లో బిగించడానికి పళ్ళే లేవు. నవ్వుకో.

అంథూలాకి తప్ప ఎవరికీ తెలీదు. వాయాకి చెప్తే, "వద్దులే నాన్నా, వేరేవాళ్ళు వాయిస్తారు" అంటుంది. అది ఆ మాట అంటే నేను తట్టుకోలేను. అందుకని గొర్రెల దొడ్డి వెనక, లోయలో కూర్చుని సాధన చేస్తున్నాను. అవును, ఆ పీక పిసికేది నేనే. కాఫీ కొట్టులో కిత్సోస్‌ని చూసి నవ్వేవాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తారు కదా!

నువ్వు రాసినట్టు పై పెదవి మడిచాను. మొదటి వారం మూతి వాచి, అంథూలా నన్ను చూసినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ నిన్న, ఒక్కసారి, నాలుక ఎత్తగానే పైన ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. ఒక్క క్షణం. గొర్రెలు తలలెత్తి చూశాయి.

నాకు నేర్పవే పొలిక్సేని. అన్నీ, మొదట్నుంచీ.

మామయ్య


కెర్కిరా,
జూన్

శిష్యా,

ఇలా పిలిచే అవకాశం మళ్ళీ రాదు, పిలవనీ.

మొదటి పాఠం: పల్చటి రీడు పెట్టు. నీ దగ్గరున్నవన్నీ గుర్రపు డెక్కల్లాంటివి. పెట్టెలో కొన్ని పంపుతున్నాను. రెండోది: పెదవి ఎరుపు సగమే లోపలికి. పక్కనుంచి గాలి పోతే ఇంకా బిగించకు, మూతి కొసలు మధ్యకి లాక్కో, ఈల వేసేటప్పటిలా. బరువు బొటనవేలి మీదే, వేలుకి గుడ్డ చుట్టుకో. మూడోది: రోజూ ఎక్కువసేపు వద్దు. పెదవి అలిసిందంటే దవడ సాయానికొస్తుంది, దవడ వచ్చిందంటే పళ్ళు వస్తాయి.

నాలుగోది సియోర్ జానెటోస్ చెప్పారు. "మీ మామయ్యది పొగోని కదా, అక్కడ ఆడవాళ్ళు గుంపుగా పాడుతుంటే ఒకావిడ గొంతు విరిచి పైకి వెళ్ళి వస్తుంటుంది, ఆవిడ దవడ ఎప్పుడైనా బిగిస్తుందా చూడమను" అన్నారు. మన ఊళ్ళో అలా పాడేది ఎవరు మామయ్యా? మా అత్తయ్యే! ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడించుకో. నోరు చూడు. వేరేచోట చూడకు.

గురువు


పెత్రోవ్రిసి,
జులై

పొలిక్సేనికి,

అంథూలా పాడింది. నోరు చూశాను. ఆ గొంతు పైకి విరిగేటప్పుడు దాని మొహంలో ఏదీ కదలదు, గొంతు దగ్గర చిన్న ఎత్తు మాత్రం లేస్తుంది. ముప్ఫై ఏళ్ళు పక్కనే వాయిస్తూ ఒక్కసారీ చూడలేదు. "ఇన్నాళ్ళకి నా మొహం చూశావు" అని దెప్పింది. అదే చేశాను. పలికింది. వరసగా మూడు సాయంత్రాలు పలికింది. ఎగిరి గంతేశాను.

నాలుగో సాయంత్రం మళ్ళీ పళ్ళు ఊడి పడ్డాయి. ఐదో రోజూ అంతే.

నిన్న వంతెన మీద కిత్సోస్ ఎదురయ్యాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. టోపీ తీసి, "స్టెర్గియో, ఆ రోజు నీకేమైనా ఇబ్బందిగా ఉంటే చెప్పు, మీ గుమ్మం దగ్గరికొచ్చి నేను వాయిస్తాను, ఎవరికీ వేరేగా అనిపించకుండా చూసుకుంటాను" అన్నాడు. వాడికి తెలుసు. లోయలో వాయించేది తను కాదని వాడికి తెలియదా మరి! వెక్కిరించినా బాగుండేది.

అందుకని అనుకుంటున్నాను. నువ్వొచ్చి వాయించు. మన ఇంటి పిల్లవే కదా, బయటివాళ్ళు వాయించినట్టు కాదు. నేను అంథూలా చెప్పినట్టు తలుపు పక్కన నిలబడతాను. పైన పలకాల్సిన స్వరం అందరి ముందూ ఊడి కింద పడితే, వాయా ఆ నవ్వుల మధ్య గడప దాటాలి. అలా జరగకూడదు.

మామయ్య


కెర్కిరా,
ఆగస్టు మొదటి వారం

మామయ్యా,

వాయించను. ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు.

పెళ్ళికి వస్తాను. క్లారినెట్ తెస్తాను. గుమ్మం పక్కన నీ వెనకాల నిలబడతాను, రీడు పెదవుల మధ్యే ఉంటుంది. నువ్వు పడిపోతే ఆ స్వరం నేనందుకుంటాను, ఒక్క ఊపిరి కూడా తేడా తెలియదు, పాట ఆగదు, ఎవ్వరూ నవ్వరు. కానీ ముందు నువ్వు ఎక్కాలి. ఇన్ని నెలలు నానబెట్టిన రొట్టె తిన్నది తలుపు పక్కన నిలబడటానికా?

పళ్ళు ఎందుకు ఊడుతున్నాయో కూడా చెప్పనా? మొదటి మూడు రోజులూ సరదాగా వాయించావు. నాలుగో రోజు పెళ్ళి గుర్తొచ్చి ఉంటుంది. గుమ్మం దగ్గర పాట ఎత్తుకునే వేళ పెళ్ళిని గుర్తు తెచ్చుకోకు. అత్తయ్య పాటని మనసులో విను, నాలుక ఎత్తు, వదిలెయ్.

పెళ్ళి ముందు శుక్రవారం ఓడకి వస్తున్నాను. రేవుకి గాడిదని పంపకు, బస్సులో వస్తాను.

పొలిక్సేని


కెర్కిరా,
సెప్టెంబరు

మామయ్యా,

రెండు వారాలైనా నా చెవుల్లోంచి పోలేదు. ఆ రోజు నువ్వు కళ్ళు గట్టిగా మూసుకున్నావు, కాబట్టి ఏం జరిగిందో నీకు తెలీదు. నీకే నేను చెప్తాను, విను.

నువ్వు పాట ఎత్తుకున్నావు. మధ్య స్థాయి దాటావు. నీ భుజాలు చూస్తూ నిలబడ్డాను, బిగుస్తాయేమోనని. బిగియలేదు. గొంతు దగ్గర చిన్న ఎత్తు లేచింది, అచ్చం అత్తయ్యకి లేచినట్టే. ఆ మరుక్షణం నువ్వు పైనున్నావు. అంత సన్నగా, అంత తేటగా నువ్వు నీ సొంత పళ్ళతో కూడా వాయించలేదు మామయ్యా, ఒట్టు! అత్తయ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను క్లారినెట్ పెదవుల మీంచి దించేశాను.

వాయా కుడికాలు ఎత్తింది. నువ్వు దిగితే అడుగు వెయ్యాలి కదా.

నువ్వు దిగలేదు.

మొదట అందరూ మురిసిపోయారు. తర్వాత ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెళ్ళికొడుకు ఇలియాస్ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అతని మేనత్త, "ఏమిటిది, పిల్లనిస్తారా ఇవ్వరా?" అని పైకే అంది. నీ మొహం ఎర్రబడింది, ఊపిరి అయిపోతోందని నాకు తెలుస్తోంది, స్వరం వణకడం మొదలెట్టింది. నేనందుకుందామా అనుకునేలోపల వాకిట్లోంచి కిత్సోస్ తన క్లారినెట్ ఎత్తి, అడుగున ఒక్క స్వరం పట్టాడు. నీ కిందకి, ఆసరాగా, మెల్లగా. అతని ఫిడేలు వాడూ కలిపాడు. ఆ స్వరం మీద నీది మళ్ళీ నిలబడింది. మగపెళ్ళి వారి వాయిద్యాలు ఆడపిల్ల తండ్రిని పైన మోస్తున్నాయి! ఇలాంటిది మన ఊరి చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు.

అప్పుడు వాయా, ఒంటికాలి మీద, గడప లోపలి నుంచి, చిన్నగా అంది. నువ్వు విన్నావో లేదో.

"నాన్నా, ఇక దిగు. కాలు లాగేస్తోంది."

వాకిలంతా గొల్లున నవ్వింది. నువ్వు కళ్ళు తెరిచి దాన్ని చూశావు. ఒక్కో మెట్టే, ఒక్కో మెట్టే కిందికి దిగావు. అది గడప దాటింది.

ఇప్పుడు చెప్పు. నేను భయపడింది పైకి ఎక్కలేవేమోనని. ఎందుకు దిగలేదు? పళ్ళ సెట్టేమైనా ఇరుక్కుపోయిందా?

పొలిక్సేని


పెత్రోవ్రిసి,
సెప్టెంబరు

పొలిక్సేనికి,

పళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఆ రాత్రి మాంసం కూడా తిన్నాను. సంగతి ఊరందరికీ నేనే చెప్పేశాను, కాఫీ కొట్టులో సెట్టు తీసి బల్ల మీద పెట్టి మరీ చూపించాను. ఇప్పుడు అక్కడ ఇద్దరు పై పెదవి మడవడం నేర్చుకుంటున్నారు, వాళ్ళకి పళ్ళన్నీ ఉన్నాయి. కిత్సోస్‌కి ఒక మేకపిల్లని పంపాను. వద్దని తిప్పి పంపాడు. మళ్ళీ పంపాను.

ఎందుకు దిగలేదంటావా? దిగడం రాక కాదు. ఎక్కేవరకూ ఎక్కడం ఒక్కటే ఆలోచించాను. ఎక్కాక తెలిసింది, పైన చాలా బాగుంది, పక్కన నా కూతురు నిలబడి ఉంది, నేను దిగితే అది వెళ్ళిపోతుంది. అంతే. ముప్ఫై ఏళ్ళుగా అందరి పిల్లల్నీ చిటికెలో దించేశాను, ఆ తండ్రులకి ఎలా ఉండేదో ఒక్కసారీ ఆలోచించలేదు.

వాయా పెళ్ళి మర్నాడు సోమవారమే వచ్చింది, వాగవతలే కదా. మీ అత్తయ్య పళ్ళెంలో పెట్టింది తింటూ, నా వంక చూడకుండా, "ఆ మాటకి అందరూ నవ్వారు గానీ నాన్నా, ఆ కొత్త చెప్పు కాలిని కరవకపోయి ఉంటే నేను ఇంకా నిలబడేదాన్ని" అంది.

మామయ్య